పీహెచ్ 6.5 దగ్గర కణాల పట్టు పెరుగుతుందా, తగ్గుతుందా? కొలిచే పద్ధతులు, పొరపాట్లు

కణజిజ్ఞాస (చర్చ మొదలుపెట్టినవారు)

కణితుల చుట్టూ ద్రవం పీహెచ్ 6.5–6.9 మధ్య ఉంటుందని చదువుతున్నాం. ఆ ఆమ్లత్వంలో కణం అడుగున ఉన్న ఫోకల్ అడ్హీషన్ల (కణం ఉపరితలాన్ని పట్టుకునే ప్రోటీన్ ముడుల) యాంత్రిక బలం ఎటు మారుతుంది? కొన్ని పరిశోధనా పత్రాలు పెరుగుతుందంటాయి, కొన్ని తగ్గుతుందంటాయి.

మా దగ్గర ఎండీఏ-ఎంబీ-231 రొమ్ము క్యాన్సర్ కణాలను ఫైబ్రోనెక్టిన్ (కణాలు అంటుకునే ప్రోటీన్) పూత మీద పెంచి, మాధ్యమాన్ని 6.5కి దించి అరగంట ఉంచితే ట్రిప్సిన్‌కి (కణాలను ఊడదీసే ఎంజైము) ఊడడానికి 7.4లో కన్నా చాలా ఎక్కువ సేపు పడుతోంది. దీన్ని "పట్టు బలపడింది" అని రాయొచ్చా? కణానికీ కణానికీ మధ్య ఉండే క్యాడ్హెరిన్ పట్టు కూడా ఇలాగే మారుతుందా?

బఫర్ బాబాయ్

రాయకూడదు. ట్రిప్సిన్ చురుగ్గా పనిచేసేది పీహెచ్ 8 దగ్గర. ఫ్లాస్కులో 6.5 మాధ్యమం కాస్త మిగిలి ఉండగా ట్రిప్సిన్ పోస్తే ఎంజైమే నెమ్మదిస్తుంది. మీరు కొలిచింది కణం పట్టును కాదు, ట్రిప్సిన్ బద్ధకాన్ని. మాధ్యమంలో సీరం కూడా ఉంటే అందులోని నిరోధకాలు ట్రిప్సిన్‌ను ఇంకా అణచేస్తాయి.

కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ, ఈజీటీఏలతో ఊడదీసినా ఇదే చిక్కు. ఈజీటీఏకి కాల్షియం మీద ఉండే ఆకర్షణ పీహెచ్ ఒక యూనిట్ పడితే దాదాపు వంద రెట్లు తగ్గుతుంది. 7.2 దగ్గర దాని విఘటన స్థిరాంకం (ఇది తక్కువైతే పట్టు ఎక్కువ) సుమారు 150 నానోమోలార్. 6.5కి వచ్చేసరికి అది 4 మైక్రోమోలార్‌కి దగ్గరవుతుంది. 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉన్న మాధ్యమంలో 2 మిల్లీమోలార్ ఈజీటీఏ వేశారనుకోండి. 7.2లో మిగిలే స్వేచ్ఛా కాల్షియం ఒకటి రెండు మైక్రోమోలార్లు, 6.5లో ముప్ఫైకి పైగా. రెండు గిన్నెల్లో వేసిన మందు ఒకటే, జరిగిన పని మాత్రం వేరు.

పైగా ఈజీటీఏ ఒక్కో కాల్షియం అయాన్‌ను పట్టుకున్నప్పుడల్లా సుమారు రెండు ప్రోటాన్లను వదులుతుంది. బఫర్ బలహీనంగా ఉంటే ఈజీటీఏ పోయడమే పీహెచ్‌ని ఇంకా కిందికి లాగుతుంది. పోశాక పీహెచ్ మళ్లీ కొలిచేవాళ్లు తక్కువ.

స్పిన్‌డిస్క్

బాబాయ్ చెప్పినదానికి ఒక్క మాట: ఎంజైముతో ఊడే సమయం 7.4లో కూడా యాంత్రిక బలానికి కొలమానం కాదు. బలం కావాలంటే బలమే ప్రయోగించాలి.

టాలిన్ తెలుగు

"పెరుగుతుందా, తగ్గుతుందా" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ రెండు పీహెచ్‌లు ఉన్నాయి, బయటిది ఒకటి, లోపలిది ఒకటి. ఆరోగ్యకరమైన కణానికి బయట 7.4, లోపల 7.2 చుట్టుపక్కల. క్యాన్సర్ కణానికి బయట ఆమ్లం, లోపల మామూలుకన్నా క్షారం. ఈ రెండూ పట్టు మీద వేరువేరు చోట్ల పనిచేస్తాయి.

బయట: ఇంటెగ్రిన్ (కణ పొరలో ఉండి బయటి పూతను పట్టుకునే ప్రోటీన్) తల భాగం. ఆల్ఫావీ బీటా3 ఇంటెగ్రిన్ ఆమ్ల పీహెచ్‌లో తెరుచుకున్న, అంటే చురుకైన రూపం వైపు మొగ్గుతుందని 2011లో చూపించారు. అణుగతిక అనుకరణలు, కణాల మీద కొలతలు రెండూ ఒకే దిశను చూపాయి. 2005లో ఎంవీ3 మెలనోమా కణాలను కొల్లాజెన్ మీద పరీక్షిస్తే పట్టు 6.6 దగ్గర గట్టిగా, కదలిక 7.0 దగ్గర గరిష్ఠంగా కనిపించింది. 6.6లో కణం మరీ గట్టిగా అంటుకుని కదల్లేకపోయింది. కాబట్టి కదలిక తగ్గడాన్ని చూసి పట్టు తగ్గిందనుకోవడం తప్పు.

లోపల: ఇంటెగ్రిన్‌ను కణంలోని ఆక్టిన్ తీగలకు కట్టే టాలిన్ ప్రోటీన్‌లో, ఆక్టిన్‌ను పట్టుకునే చివర, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంది, 2418వ స్థానంలో. లోపలి పీహెచ్ పెరిగేకొద్దీ టాలిన్–ఆక్టిన్ బంధం బలహీనపడుతుంది, ఫోకల్ అడ్హీషన్లు త్వరత్వరగా కట్టుకుని విడిపోతాయి. 2008లో తేలిన సంగతి ఇది. ఫోకల్ అడ్హీషన్లలో ఉండే ఎఫ్‌ఏకే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము)లో 58వ హిస్టిడిన్ ప్రోటాన్ వదిలేస్తే, అంటే లోపల క్షారం పెరిగితే, 397వ టైరోసిన్ మీద ఫాస్ఫేట్ చేరడం పెరుగుతుంది. అదీ అడ్హీషన్లు కట్టుకుని విడిపోయే వేగాన్ని పెంచేదే.

అంటే లోపల ఆమ్లం చేరితే అడ్హీషన్ నెమ్మదిగా మారుతుంది, నిలకడ ఎక్కువ. బయటి ఆమ్లం నిమిషాల్లోనే లోపలి పీహెచ్‌ని కూడా కొంత దించుతుంది. మీ 6.5 ప్రయోగంలో ఈ రెండూ కలిసిపోయాయి. విడదీయకుండా "ఆమ్లత్వం ప్రభావం" అని రాస్తే ఏ ప్రోటీన్ గురించి మాట్లాడుతున్నారో చదివేవాళ్లకు తెలియదు.

కణజిజ్ఞాస

హిస్టిడినే ఎందుకు? ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు లెక్కలోకి రావా?

టాలిన్ తెలుగు

హిస్టిడిన్ పక్క గొలుసు పీకేఏ (సగం ప్రోటాన్లు వదిలే పీహెచ్) 6–6.5 ప్రాంతంలో ఉంటుంది. శరీరంలో పీహెచ్ ఊగిసలాడేది కూడా ఆ చుట్టుపక్కలే. ఆస్పార్టేట్, గ్లుటామేట్‌లకు విడిగా 4 దగ్గర, కాబట్టి 6.5లో దాదాపు అన్నీ రుణావేశంతోనే ఉంటాయి. కణ ఉపరితల చక్కెర అయిన సియాలిక్ ఆమ్లానికి ఇంకా కింద, 2.6. "ఆమ్లంలో కణ ఉపరితలం రుణావేశం పోయి అంటుకుంది" అనే వివరణ 6.5 దగ్గర నిలవదు. ప్రోటీన్ మడతలో బాగా పూడుకుపోయిన కార్బాక్సిల్ సమూహానికి మాత్రం పీకేఏ పైకి జరగొచ్చు. ఇంటెగ్రిన్ లాంటి వాటిలో దాన్ని ఒక్కొక్క స్థానానికీ విడిగా చూడాల్సిందే.

బఫర్ బాబాయ్

ముందు మాధ్యమం సంగతి తేల్చండి. సగం గొడవ అక్కడే ఉంది.

5 శాతం కార్బన్ డయాక్సైడ్, 37 డిగ్రీలు, తేమ నిండిన ఇంక్యుబేటర్. సముద్రమట్టం దగ్గర ఆ వాయువు పీడనం (760 − 47) × 0.05 = 35.6 మిల్లీమీటర్ల పాదరసం. కరిగేది 0.03 × 35.6 = 1.07 మిల్లీమోలార్. ఇక పీహెచ్ = 6.1 + లాగ్(బైకార్బనేట్ ÷ 1.07). లీటరుకు కావలసిన సోడియం బైకార్బనేట్:

7.4కి 21.3 మిల్లీమోలార్, అంటే 1.79 గ్రాములు
7.0కి 8.5 మిల్లీమోలార్, 0.71 గ్రాములు
6.5కి 2.7 మిల్లీమోలార్, 0.23 గ్రాములు

మామూలు డీఎంఈఎం (కణాలు పెంచే మాధ్యమం)లో 44 మిల్లీమోలార్ ఉంటుంది. అందుకే 5 శాతంలో అది 7.4 దగ్గర ఆగదు, 7.7 వైపు పోతుంది. మీ "తటస్థ" గిన్నె నిజంగా 7.4లోనే ఉందా? అది ముందు చూసుకోండి.

బైకార్బనేట్ లేని పొడి డీఎంఈఎం కొనండి. 7.0 గిన్నెకు లీటరుకు 0.75 గ్రాముల ఉప్పు, 6.5కి 1.09 గ్రాములు కలిపి సోడియం సమం చేయండి. ఆస్మోమీటర్‌లో మూడూ 290–300 మిల్లీఆస్మోల్/కేజీ మధ్య, ఒకదానికొకటి 5 తేడాలోపు రావాలి. ఆస్మోలాలిటీ తగ్గితే కణం ఉబ్బుతుంది, అడుగు విస్తీర్ణం మారుతుంది, బలం కూడా మారినట్టు కనిపిస్తుంది.

2.7 మిల్లీమోలార్ బైకార్బనేట్ ఒక్కటే 6.5ని నిలబెట్టలేదు. అందుకని పీహెచ్‌ని నిలబెట్టే బఫర్లు 15 మిల్లీమోలార్ హెపెస్, 15 మిల్లీమోలార్ పైప్స్ కలపండి, మూడు గిన్నెలకూ ఒకే మోతాదులో. 7.4కి హెపెస్, 6.5కి మెస్ బఫర్ అని విడదీస్తే మారింది పీహెచ్చో బఫరో చెప్పలేరు. పీహెచ్ సరిచేసేది 37 డిగ్రీల దగ్గర. హెపెస్ డిగ్రీకి 0.014 చొప్పున తగ్గుతుంది, 25 డిగ్రీల్లో సరిచేసింది 37లో దాదాపు 0.17 కిందికి పోతుంది. లోతు తక్కువ గిన్నెలో పోసి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి, తీసిన వెంటనే కొలవండి.

ఆమ్లానికి హైడ్రోక్లోరిక్ వాడండి, లాక్టిక్ వద్దు. లాక్టేట్ తన రవాణా ప్రోటీన్ల ద్వారా ప్రోటాన్‌ను వెంట తీసుకుని లోపలికి వెళ్తుంది, లోపలి పీహెచ్ కథ మారిపోతుంది. లాక్టేట్ ప్రభావమే మీ ప్రశ్న అయితే అది వేరే ప్రయోగం.

మైక్రోస్కోప్ మామ

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి 760 కాదు బాబాయ్, 540 మీటర్ల ఎత్తు. 714 వేసుకోండి. 😀

బఫర్ బాబాయ్

వేస్తే వచ్చే తేడా 0.03, అదీ పైకి. మీ పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్ అంతకన్నా ఎక్కువ తప్పుతుంది.

స్పిన్‌డిస్క్

ఇప్పుడు బలం కొలవడం. పద్ధతి ఎంచుకునే ముందు ఏ స్థాయి బలం కావాలో లెక్క వేసుకోండి.

ప్లేట్‌ను తిరగేసి సెంట్రిఫ్యూజ్ చేయడం చవక, అందరూ అదే చేస్తారు. 15 మైక్రోమీటర్ల కణం, ద్రవంతో సాంద్రత తేడా 50 కేజీ/ఘనమీటరు, 200 జీ త్వరణం (భూమి గురుత్వానికి 200 రెట్లు): బలం సుమారు 0.17 నానోన్యూటన్. బాగా పరుచుకున్న కణాన్ని ఊడదీయడానికి కావలసింది వందల నానోన్యూటన్లు. కాబట్టి ఈ పద్ధతి మొదటి పది పదిహేను నిమిషాల పట్టుకే పనికొస్తుంది. గంట తర్వాత అన్ని గిన్నెల్లోనూ "నూరు శాతం అంటుకున్నాయి" అని వస్తుంది, తేడా కనిపించదు.

సమాంతర పలకల ప్రవాహ గది: గోడ మీద కోత ఒత్తిడి = 6 × స్నిగ్ధత × ప్రవాహం ÷ (వెడల్పు × ఎత్తు వర్గం). 10 మి.మీ. వెడల్పు, 0.25 మి.మీ. ఎత్తు, నిమిషానికి 10 మి.లీ. ప్రవాహం, స్నిగ్ధత 0.7 మిల్లీపాస్కల్-సెకను అయితే 1.1 పాస్కల్. ఎత్తు వర్గంగా వస్తుంది కాబట్టి గాస్కెట్‌ను పది శాతం ఎక్కువ నొక్కి బిగించినా ఒత్తిడి ఇరవై శాతం పైగా మారుతుంది. బిగించాక ఎత్తును మైక్రోస్కోప్ ఫోకస్‌తో కొలవండి, డబ్బా మీద రాసింది నమ్మకండి.

పరుచుకున్న కణాలకు తిరిగే పళ్లెమే మేలు. ఒత్తిడి = 0.8 × వ్యాసార్ధం × వర్గమూలం(సాంద్రత × స్నిగ్ధత × కోణీయ వేగం ఘనం). నిమిషానికి 2000 చుట్లు, కేంద్రం నుంచి 10 మి.మీ. దగ్గర, నీటిలాంటి ద్రవంలో సుమారు 24 పాస్కల్. పళ్లెం మధ్యలో సున్నా, అంచుకు పోయేకొద్దీ పెరుగుతుంది, ఒకే పళ్లెంలో మొత్తం పరిధి దొరుకుతుంది. మిగిలిన కణాల శాతాన్ని ఒత్తిడికి ఎదురుగా గీసి, సగం ఊడే ఒత్తిడిని తీసుకోండి. అదే మీ సంఖ్య.

పళ్లెం తిరిగే తొట్టెలోని ద్రవం కూడా అదే పీహెచ్, అదే కాల్షియం, మెగ్నీషియంతో ఉండాలి. 6.5లో అరగంట ఉంచిన కణాలను 7.4 ఉప్పు ద్రావణంలో తిప్పి "ఆమ్లం ప్రభావం లేదు" అని తేల్చేస్తే కొలత మొత్తం వృథా.

కణజిజ్ఞాస

ఏఎఫ్‌ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్)తో ఒక్కో కణాన్ని లాగే పద్ధతి మా సంస్థలో ఉంది. అది సరిపోదా?

మైక్రోస్కోప్ మామ

సరిపోతుంది, కానీ తొలి రెండు నిమిషాల పట్టుకే. కాంటిలీవర్ (దాని వంగే సన్నని పట్టీ) మీద కణాన్ని అతికించి, 1 నానోన్యూటన్‌తో నొక్కి, 5 నుంచి 120 సెకన్లు ఆగి, సెకనుకు 5 మైక్రోమీటర్లతో లాగుతాం. ఎక్కువసేపు ఆగితే కణం కింద ఉపరితలానికే అంటుకుపోయి కాంటిలీవర్ నుంచి ఊడుతుంది.

ఇందులోనూ పీహెచ్ చిక్కు ఉంది. కాంటిలీవర్‌కి చాలామంది కాంకనావాలిన్ ఏ అనే, చక్కెరలను పట్టుకునే ప్రోటీన్ పూస్తారు. 7 పైన అది నాలుగు భాగాల అణువుగా ఉంటుంది, 5.6 కిందికి పోతే రెండు భాగాలే. మధ్యలో 6.5 దగ్గర మిశ్రమం. దానికి మాంగనీస్, కాల్షియం కూడా కావాలి. అంటే మీ జిగురే పీహెచ్‌కి మారుతోంది. 6.5లో కణం పైనుంచి ఊడిపోతున్న వక్రాలు (లాగేటప్పటి బలం–దూరం గీతలు) పెరిగితే ఆ వక్రాలన్నీ తీసేయాలి. తీసేస్తే మిగిలేవి బలహీనంగా అంటుకున్న కణాలే, ఫలితం ఒక పక్కకు వాలుతుంది. ఉపరితలాన్ని బయోటిన్‌తో గుర్తించి స్ట్రెప్టావిడిన్ కాంటిలీవర్ వాడటం దీనికన్నా నయం.

తెరిచిన గిన్నెలో కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి బైకార్బనేట్ మాధ్యమం నిమిషాల్లో క్షారమవుతుంది. ఫీనాల్ రెడ్ ఊదారంగుకి తిరిగితే కొలత ఆపేయండి. ఏఎఫ్‌ఎంకి బైకార్బనేట్ లేని హెపెస్–పైప్స్ ద్రావణం వాడండి. బైకార్బనేట్ తీసేస్తే దాన్ని లోపలికి తెచ్చే రవాణా ప్రోటీన్లు ఆగి లోపలి పీహెచ్ కదులుతుంది. కాబట్టి పోల్చాల్సిన 7.4 గిన్నె కూడా అదే ద్రావణంలో ఉండాలి.

గరిష్ఠ బలం ఒక్కటే రాయకండి. ఆమ్లంలో కణం గట్టిదనం మారితే అదే 1 నానోన్యూటన్‌కి తాకే విస్తీర్ణం మారుతుంది. ఒక్కో బంధం అలాగే ఉన్నా మొత్తం పెరిగినట్టు కనిపిస్తుంది. వక్రంలోని చిన్న మెట్ల ఎత్తును విడిగా కొలవండి. ముందు వాలు ఉన్న మెట్టు అంటే కణ అస్థిపంజరానికి (లోపలి ఆక్టిన్ చట్రానికి) కట్టిన బంధం తెగింది. ముందు చదునుగా సాగితే పొర తీగలా లాగబడింది, ఆ బలం పొరదే, బంధానిది కాదు. లోపలి పీహెచ్ టాలిన్–ఆక్టిన్ ముడిని కదిలిస్తే కనిపించాల్సిన చోటు ఈ రెండు రకాల నిష్పత్తి.

టాలిన్ తెలుగు

మామ చెప్పిన మెట్లకు ఒక లెక్క. బెల్ సమీకరణం ప్రకారం బంధం తెగే బలం, లాగే రేటు లాగరిథమ్‌తో పెరుగుతుంది. ఆమ్లంలో బంధం విడిపోయే రేటు మూడో వంతుకి పడిందనుకోండి, అది చిన్న మార్పేమీ కాదు. అవరోధ దూరం 0.4 నానోమీటర్లయితే 37 డిగ్రీల దగ్గర బలం పెరిగేది (4.28 ÷ 0.4) × 1.1, అంటే సుమారు 12 పికోన్యూటన్లు. ఒక్క ఇంటెగ్రిన్ బంధమే అనేక పదుల పికోన్యూటన్లు, దాని చెదురు కూడా అదే స్థాయిలో ఉంటుంది. కాబట్టి ఒకే రేటులో లాగి రెండు పీహెచ్‌లు పోల్చితే తేడా శబ్దంలో కలిసిపోతుంది. కనీసం నాలుగైదు రేట్లలో, వంద రెట్ల పరిధిలో లాగండి. గీతల వాలు ఒకటే ఉండి, గీత పక్కకు జరిగితే రేటు మారినట్టు. వాలే మారితే బంధం ఆకృతి మారినట్టు.

ఒక మినహాయింపు: ఆల్ఫా5 బీటా1–ఫైబ్రోనెక్టిన్ బంధం కొంత బలం దాకా లాగేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. 10–30 పికోన్యూటన్ల మధ్య ఈ మామూలు బెల్ లెక్క దానికి వర్తించదు. అక్కడ బలాన్ని స్థిరంగా పట్టి ఆయుష్షు కొలవడమే దారి.

గోదారి గట్టు

ఇంటెగ్రినే కారణమని నిరూపించాలంటే మాంగనీస్‌తో ఒక పోలిక ప్రయోగం (కంట్రోల్) పెట్టండి. 7.4లో 0.5–1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్ ఇస్తే ఇంటెగ్రిన్లు తెరుచుకుంటాయి. మాంగనీస్‌తో వచ్చిన బలం మీద 6.5 ఇంకేమీ కలపలేకపోతే రెండూ ఒకే తలుపు తెరుస్తున్నట్టు. ఇంకా పెరిగితే వేరే దారి ఉన్నట్టు. బైకార్బనేట్, ఫాస్ఫేట్ ఉన్నచోట మాంగనీస్ అవక్షేపం కడుతుంది, హెపెస్ ద్రావణంలోనే చేయండి. ఇంటెగ్రిన్‌ను అడ్డుకునే చక్రీయ ఆర్‌జీడీ పెప్టైడ్ వేసి బలం పడిపోతుందో లేదో కూడా చూడండి.

పూత ఎప్పుడూ 7.4లోనే వేయండి. 10 మైక్రోగ్రాములు/మి.లీ. ఫైబ్రోనెక్టిన్, 37 డిగ్రీల్లో గంట, తర్వాత ఖాళీ చోట్లను వేడిచేసిన 1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బుమిన్)తో మూసేయండి. పూత 6.5లో వేస్తే ఫైబ్రోనెక్టిన్ ఎంత అంటుకుందో, ఏ ఆకృతిలో అంటుకుందో కూడా మారుతుంది.

కణజిజ్ఞాస

లోపలి పీహెచ్‌ని విడదీయడం ఎలా?

టాలిన్ తెలుగు

బీసీఈసీఎఫ్ అనే, పీహెచ్‌ని బట్టి మెరుపు మారే రంగు. 490, 440 నానోమీటర్లతో ఉత్తేజపరిచి 535 దగ్గర చూసి నిష్పత్తి తీయండి. క్రమాంకనానికి 10 మైక్రోమోలార్ నైజెరిసిన్ (లోపలి, బయటి పీహెచ్‌ని సమం చేసే మందు), ఎక్కువ పొటాషియం (సుమారు 140 మిల్లీమోలార్) ద్రావణాలు 6.5, 7.0, 7.5 పీహెచ్‌లలో. ఇక బయట 7.4 ఉంచి క్యారిపొరైడ్‌తో ఎన్‌హెచ్‌ఈ1ని (ప్రోటాన్లను బయటికి తోసే పొర ప్రోటీన్) ఆపండి, లోపలి పీహెచ్ ఎంత కదిలిందో రంగుతో చూడండి. అప్పుడు వచ్చే బలం మార్పు లోపలిది. బయట 6.5లో వచ్చే మొత్తం మార్పుతో దాన్ని పోల్చండి.

ఇంకొకటి. ఎన్‌హెచ్‌ఈ1 ఫోకల్ అడ్హీషన్ల దగ్గరే గుమికూడి అక్కడి అంగుళం జాగాను... అంగుళం కాదులెండి, నానోమీటర్ల జాగాను గిన్నెలో ద్రవంకన్నా ఆమ్లంగా ఉంచుతుందని 2013లో చూపించారు. మీటర్ చూపే 6.5, ఇంటెగ్రిన్ చూసే పీహెచ్ ఒకటి కావు. బాబాయ్ చెప్పిన 30 మిల్లీమోలార్ బఫర్ ఆ స్థానిక తేడాను కొంత చెరిపేస్తుంది.

బఫర్ బాబాయ్

నిజమే. అందుకే ఒక వరసను 5 మిల్లీమోలార్ బఫర్‌తో, ద్రవం నిరంతరం పారుతూ చేసి చూడమంటాను. పారుతుంటే గిన్నె పీహెచ్ నిలుస్తుంది, కణం పక్కన జాగాకి బఫర్ తక్కువే.

గోదారి గట్టు

క్యాడ్హెరిన్ ప్రశ్న మిగిలిపోయింది. దాని బలం కాల్షియం మీద ఆధారపడుతుంది. సీరం ఉన్న మాధ్యమంలో పీహెచ్ పడితే ఆల్బుమిన్ కాల్షియాన్ని వదిలి స్వేచ్ఛా కాల్షియం పెరుగుతుంది. కాబట్టి సీరం లేకుండా, కాల్షియం ఎలక్ట్రోడ్‌తో కొలిచి 1.8 దగ్గర పెట్టండి. లోపలి వైపు, క్యాడ్హెరిన్‌కు కట్టుకునే బీటా-కెటెనిన్ ప్రోటీన్‌లో 36వ హిస్టిడిన్ ఉంది. లోపలి పీహెచ్ ఎక్కువైతే ఆ ప్రోటీన్ త్వరగా విచ్ఛిన్నమవుతుందని 2018లో తేలింది. గంటల మీద జరిగే మార్పు అది, అరగంట ప్రయోగంలో వెతకకండి.

కొలతకి డిస్పేస్ (కణాల పొరను విడిపోకుండా పైకి లేపే ఎంజైము) పద్ధతి సులువు. కణాల పొరను 7.4లో డిస్పేస్ 2.4 యూనిట్లు/మి.లీ.తో అరగంట ఉంచి ఒకే పొరగా పైకి లేపండి, కడిగి ఎంజైము తీసేయండి, అప్పుడు 6.5 ద్రావణంలోకి మార్చి పావుగంట ఆగండి. తర్వాత గొట్టాన్ని ఒకే వేగంతో, ఒకే సంఖ్యలో తిరగేసి ముక్కలు లెక్కపెట్టండి. లేపేటప్పుడే ఆమ్లం పెడితే మళ్లీ ఎంజైము వేగమే కొలుస్తారు. డిస్పేస్‌కి కాల్షియం కావాలి, ఈడీటీఏతో కడిగిన కణాల మీద అది పనిచేయదు.

స్పిన్‌డిస్క్

24 గంటలు ఆమ్లంలో పెట్టి కొలిచేవాళ్లకు: కెథెప్సిన్లనే ప్రోటీన్ కోసే ఎంజైములు ఆమ్లంలో చురుకవుతాయి, ఫైబ్రోనెక్టిన్ పూతను కణాలే తినేస్తాయి. పట్టు తగ్గిందంటే ఇంటెగ్రిన్ బలహీనపడిందో, పట్టుకోవడానికి పూతే మిగలలేదో తెలియదు. కణాలు ఊడిన చోట ఫైబ్రోనెక్టిన్‌కి యాంటీబాడీతో రంగు వేసి చూడండి, నల్ల మచ్చలు కనిపిస్తే పూత పోయినట్టు. అరగంట వరసలో మాత్రం చివర మళ్లీ 7.4కి తెచ్చి ఇరవై నిమిషాలు ఆగి ఒక పళ్లెం తిప్పండి. బలం పాత చోటికి వస్తే ప్రోటాన్ పని, రాకపోతే ఇంకేదో జరిగింది.

కణజిజ్ఞాస

అర్థమైంది. ముందు మూడు మాధ్యమాలు తయారుచేసి ఆస్మోలాలిటీ, స్వేచ్ఛా కాల్షియం కొలుస్తాం. తర్వాత తిరిగే పళ్లెం మీద 7.4, 7.0, 6.5, తిరిగి 7.4, మాంగనీస్, క్యారిపొరైడ్. ఒక చిన్న సందేహం: తిరిగే పళ్లెం గది ఉష్ణోగ్రతలో ఉంటుంది, మాధ్యమం పీహెచ్ 37లో సరిచేశాం. ఏం చేయాలి?

బఫర్ బాబాయ్

తొట్టె ద్రవాన్ని విడిగా, తొట్టె ఉష్ణోగ్రతలోనే 6.5కి సరిచేయండి. ఒత్తిడి సమీకరణంలో స్నిగ్ధత కూడా ఆ ఉష్ణోగ్రతదే వేయండి. 25 డిగ్రీల్లో నీటికి 0.89, 37లో 0.69. వర్గమూలం కింద ఉంది కాబట్టి ఒత్తిడిలో పదమూడు శాతం తేడా వస్తుంది.